డయలుకి వేసిన తాళం

ఫోనుకి తాళం అంటే ఇప్పటి పిల్లలకి వేలు ఆనిస్తే తెరుచుకునే అద్దమే గుర్తొస్తుంది. మన వయసు వాళ్ళకి మాత్రం నిజం తాళమే గుర్తు రావాలి. హాల్లో ఎత్తు బల్ల మీద, క్రోషే గుడ్డ కప్పుకుని కూర్చున్న నల్ల టెలిఫోను, దాని గుండ్రటి చక్రం, ఆ చక్రం రంధ్రాల్లో ఒకదానికి బిగించిన బొటనవేలంత తాళం! తాళంచెవి ఇంటి పెద్దాయన జందానికో, మొలతాడుకో ఉండేది. బయటినుంచి వచ్చే ఫోను ఎవరైనా ఎత్తొచ్చు. ఇంట్లోంచి చెయ్యాలంటే మాత్రం తాళం తియ్యాలి. పిల్లలు ఊరుకుంటారా? రిసీవరు పెట్టే చోట ఉండే బొడిపెని లెక్క ప్రకారం టకటకా నొక్కి, చక్రం తిప్పకుండానే నంబరు కలిపేసేవారు. తాళం పుట్టిన రోజే దొంగతాళం కూడా పుట్టిందన్నమాట.

ఆ తాళం కాపాడింది బిల్లునే గానీ మాటల్ని కాదు. మాట్లాడేది ఇంటిల్లిపాదీ వినేవారు. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోనులో బిల్లు పెద్ద విషయమే కాదు. బ్యాంకు, బంగారం తాకట్టు కాగితం ఫోటో, పిల్లల ఆధార్లు, చీరల వ్యాపారం చేసే వాళ్ళకైతే కొనేవాళ్ళ పేర్లు, ఇళ్ళ చిరునామాలు, రావలసిన బాకీలు, అన్నీ అందులోనే. ఇదంతా ఒక్క చోటికి ఎలా చేరిందో ఒకసారి వెనక్కి వెళ్ళి చూద్దామనిపించింది.

మా తాడేపల్లిగూడెం వర్తకం ఊరు. ఉల్లిపాయల మార్కెట్టుకి కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వస్తాయి. రైసు మిల్లులు సరేసరి. మా మామగారు వయసులో ఉండగా ఒక కమీషను కొట్టులో గుమస్తాగా చేశారు. చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవట. చిట్టాలో ఏ రోజు సంగతి ఆ రోజు రాసేస్తారు, ఆవర్జాలో ఎవరి పద్దు వాళ్ళకి విడదీసి ఎక్కిస్తారు. చిట్టా బల్ల మీదే పడుండేది, ఎవరొచ్చినా కనపడేది. ఆవర్జా మాత్రం సాయంత్రం అయ్యేసరికి ఇనప్పెట్టెలోకి వెళ్ళిపోయేది. ఎందుకంటే ఎవరు ఎంత బాకీ, ఎవరి దగ్గర ఎంత ధరకి కొన్నారు అన్నది ఆవర్జా చూస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. "డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చమ్మా, ఆవర్జా పోతే ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో కూడా తెలీదు" అనేవారాయన. ఇప్పుడు ఫోను పోగొట్టుకున్న చీరల వ్యాపారస్తురాలి ఏడుపు సరిగ్గా ఇదే కదా!

మాటని దాచడం కూడా వర్తకంలో భాగమే. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో మన వైశ్య వర్తకులు వాళ్ళలో వాళ్ళు వాడుకునే రహస్య వ్యాపార భాష గురించి రాశాడు. అంకెలకి వేరే పేర్లు! కొనేవాడు ఎదురుగా ఉండగానే ఎంతకి దిగొచ్చో ఒకరికొకరు చెప్పుకునేవారు. పశువుల సంతల్లో సంగతి మీలో చాలామంది చూసే ఉంటారు. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని బేరం. చుట్టూ వందమంది ఉన్నా ధర ఇద్దరికే తెలుస్తుంది.

మగవాళ్ళకే ఈ తెలివి అనుకోకండి. మనం చిన్నప్పుడు మాట్లాడుకున్న "క" భాష ఏమిటి మరి? "కనేకను కరాకను" అంటే పెద్దవాళ్ళకి అర్థం కాదనే కదా మన ధీమా! మా డిగ్రీలో అరవై నాలుగు కళల పట్టిక చదివినప్పుడు అందులో "మ్లేచ్ఛిత వికల్పం" అని ఒకటి కనిపించింది. అక్షరాలు అటూ ఇటూ మార్చి ఇతరులకి తెలియకుండా రాయడం, మాట్లాడడం అని అర్థం. వాత్స్యాయనుడు ఆ కళలన్నీ ఆడవాళ్ళు నేర్వదగినవనే చెప్పాడు. వంటా, కుట్టూ, పూలు కట్టడంతో పాటు సంకేత లిపి కూడా! నేటి భాషలో దాన్నే ఎన్‌క్రిప్షన్ అంటున్నారు.

తర్వాత ఉత్తరాల కాలం. మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది, పావు అణాకి. చౌక కాబట్టి అందరూ రాశారు, మూత లేదు కాబట్టి దారిలో అందరూ చదివారు. పుట్టింటికి కార్డు రాసే కోడలు "అందరం క్షేమం" అని తప్ప ఇంకేం రాయగలదు? కష్టం రాయాలంటే కవరు కొనాలి. కవరు కొనడానికి డబ్బులు అడిగితే ఎందుకని అడుగుతారు. 1950 అక్టోబరు 2 నుంచి ఇన్‌ల్యాండు ఉత్తరం వచ్చాక కాస్త ఊరట. మడిచి అంటించేస్తే చదవడానికి చింపాలి. ఆ నీలం కాగితం మన అమ్మమ్మలకి, అమ్మలకి దొరికిన మొదటి తాళం అని నాకనిపిస్తుంది.

టెలిగ్రాము సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. పంపేవాడు, కొట్టేవాడు, తెచ్చేవాడు, చదివిపెట్టేవాడు నలుగురికీ తెలిసిపోయేదే. అందుకే వర్తకులు ధరలు మామూలు మాటల్లో పంపేవారు కాదు. 2013 జులైలో టెలిగ్రాము ఆగిపోయినప్పుడు మా మామగారు, "ఇంక గుమ్మంలో తంతివాడిని చూసి గుండెలు బాదుకునే పని లేదు" అని నవ్వారు.

ఫోను వచ్చిన కొత్తలో ట్రంకు కాలు అంటే మధ్యలో ఆపరేటరు ఉన్నట్టే. ఎస్‌టీడీ వచ్చాక ఆ మనిషి తప్పుకున్నాడు. మన దేశంలో మొదటి ఎస్‌టీడీ 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైతే, వీధివీధికీ పసుపు రంగు బూతులు రావడం 1980ల చివరి మాట. రాత్రి రేటు తగ్గేదాకా ఆగి, భోజనాలయ్యాక వరస కట్టేవాళ్ళం. ఆ అద్దాల గదిలో తలుపేసుకుంటే మాట బయటికి వినపడదని మన నమ్మకం. నిజానికి అన్నీ వినపడేవి. పైగా ఎర్రంకెల మీటరు మన మాటల్ని రూపాయల్లో కొలుస్తుంటే అసలు సంగతి చెప్పకుండానే పెట్టేసేవాళ్ళం. దుబాయిలో, కువైట్‌లో భర్తలున్న ఆడవాళ్ళు ఆ బూతుల్లో ఏడ్చిన ఏడుపు ఎంతమంది విన్నారో! ఇళ్ళల్లో ఉన్న ఫోన్లకి ఎక్స్‌ఛేంజి వాళ్ళు నాలుగంకెల రహస్య సంఖ్యతో ఎస్‌టీడీ లాకు ఇచ్చారు. ఇత్తడి తాళం పోయి అంకెల తాళం రావడం మన ఇళ్ళల్లో అక్కడే మొదలు.

1995 జులై 31న అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మన దేశంలో సెల్‌ఫోను మొదలైంది. మన రాష్ట్రానికి టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ తెచ్చాయి. వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులే ఆ రోజుల్లో. 2003లో ఇన్‌కమింగు ఉచితమైంది, అదే ఏడాది 501 రూపాయలకే రిలయన్స్ ఫోను వచ్చి ఉల్లిపాయల కొట్ల దగ్గర హమాలీల చేతుల్లోకి కూడా చేరింది. నోకియా ఫోనుకి సెక్యూరిటీ కోడు ఉండేది, గుర్తుందా? కంపెనీ పెట్టి పంపింది 12345. మార్చుకోవాలని దాదాపు ఎవరూ అనుకోలేదు. ఏముందని అందులో? వంద నంబర్లు, పాముల ఆట.

కానీ నంబరు కూడా ఒక ఆస్తేనని ఆడవాళ్ళకి ముందే తెలిసింది. రీచార్జి కొట్టులో పుస్తకంలో మన చేత్తో మనమే నంబరు రాసేవాళ్ళం. సాయంత్రానికల్లా తెలియని వాళ్ళ మిస్‌డ్ కాల్సు! ఊహ కాదిది. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి కొట్ల వాళ్ళు అమ్మాయిల నంబర్లని రూపాన్ని బట్టి ధర కట్టి అమ్ముతున్నారని పత్రికల్లో వచ్చింది. వేల ఫిర్యాదులు అక్కడి మహిళా హెల్ప్‌లైనుకి వెళ్ళాకే బయటపడిన సంగతి. మన వైపు తండ్రులు, అన్నలు "నువ్వెళ్ళకు, నేను వేయించుకొస్తా" అని ఆడపిల్లల్ని ఆపేసేవారు. కొట్టువాడిని ఆపే ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

2016 ఒక్క ఏడాదిలో మూడు సంగతులు జరిగాయి. ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టుని అందరి చేతికీ ఇచ్చింది. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీరల మడతల్లో దాచుకున్న నోట్లన్నీ ఇంట్లో బయటపెట్టాల్సి వచ్చింది మనకి. ఆ దెబ్బతో ఫోనే గల్లాపెట్టె అయింది. గల్లాపెట్టెకి నాలుగంకెల పిన్ను.

ఆ నాలుగు అంకెలు ఎక్కడివో తెలుసా? 1967 జూన్ 27న లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్‌లో మొదటి నగదు యంత్రం పెట్టారు. దాన్ని తయారు చేయించినాయన జాన్ షెపర్డ్ బారన్, పుట్టింది మన షిల్లాంగులో. (పిన్నుకి పేటెంటు మాత్రం గుడ్‌ఫెలో అనే మరో ఇంజినీరుది.) షెపర్డ్ బారన్ ముందు ఆరంకెలు అనుకున్నాడట. వంటింట్లో బల్ల దగ్గర భార్య కరోలిన్‌ని అడిగితే, నాలుగు మించి నాకు గుర్తుండవు అందిట. దాంతో నాలుగే ఖాయం అయ్యాయని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఒక గృహిణి వంటింట్లో చెప్పిన మాట ప్రపంచమంతా నడుస్తోంది, చూశారా! నాలుగంకెలతో పదివేల సంఖ్యలు కుదురుతాయి. మనం మాత్రం పెళ్ళయిన సంవత్సరమో, పెద్దవాడు పుట్టిన సంవత్సరమో పెడతాం. అప్పుడు పదివేలు కాస్తా ముప్పై నలభైకి వచ్చేస్తాయి. మనల్ని ఎరిగున్నవాళ్ళకైతే రెండు ప్రయత్నాలు చాలు.

పిన్ను కంటే నాకు ఎక్కువ భయం వేలిముద్ర గురించి. దీని కథ కొంచెం వివరంగా చెప్పాలి.

వేలిముద్ర దొరల దేశం నుంచి వచ్చింది కాదు, మన దేశంలోనే పుట్టింది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రోడ్డుకి సామగ్రి సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం కాగితం వెనక అరచేయి మొత్తం అద్దించాడు. రేపు "ఇది నా సంతకం కాదు" అనకుండా. 1877లో హుగ్లీలో పనిచేస్తూ రెండు చోట్ల వేలిముద్రలు పెట్టించాడు. ఒకటి పింఛను తీసుకునేవాళ్ళ దగ్గర, రెండోది దస్తావేజుల రిజిస్ట్రేషను దగ్గర. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. అక్కడ ముద్రల్ని వర్గాలుగా విడదీసే పద్ధతిలో కష్టమంతా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరిదైతే, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది.

మన ఊళ్ళల్లో వేలిముద్ర అంటే చదువు రానివాళ్ళ సంతకం. "వేలిముద్రగాడు" అనే తిట్టు కూడా ఉంది. అప్పు కాగితం మీద వేలు వేసి పొలం పోగొట్టుకున్న కథ లేని ఊరుంటుందా? మా అమ్మమ్మ సంతకం నేర్చుకున్నది అందుకే. తాతయ్య పోయాక ఏ కాగితం మీదా వేలు వెయ్యనని పట్టుబట్టి, పలక మీద పేరు దిద్దింది. అలాంటిది ఇప్పుడు చదువుకున్న మనమంతా మళ్ళీ వేలిముద్రకి వచ్చేశాం. పింఛనుకి వేలు, రేషనుకి వేలు, సిమ్ముకి వేలు, రిజిస్ట్రేషనుకి వేలు, ఫోను తెరవడానికి వేలు.

ఫోను తెరిచే వేలిముద్ర ఫోనులోనే ఉంటుంది, బయటికి పోదు. అది ఫర్వాలేదు. చిక్కంతా కాగితాల మీద వేసిన ముద్రతో. 2018 జూన్‌లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను దొరికిపోయాడు. ఏం చేశాడంటే, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దింపుకున్నాడు. వాటి మీద పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర మూడూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే వేలిముద్రలు పోతపోసి, ఆ మనుషుల పేర్ల మీద వేల సిమ్ములు మొదలుపెట్టించాడు. ఎవర్నో దోచుకుందామని కూడా కాదు, కంపెనీ పెట్టిన అమ్మకాల లెక్క పూర్తి చెయ్యడానికి! 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకొక మెట్టు ఎక్కింది. మన ఆంధ్రా దస్తావేజుల మీది ముద్రలతోనే బ్యాంకు ఖాతాల్లో డబ్బు తీసేసింది. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో పిన్ను అడగరు, ఓటీపీ అడగరు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు చాలు. హెర్షెల్ దొర ఏ రెండు చోట్ల మోసం ఆపడానికి వేలిముద్ర పెట్టించాడో, నూట నలభై ఏళ్ళకి ఆ రిజిస్ట్రేషను కాగితమే మోసానికి దారి చూపింది.

ఇందులో ఆ భూముల వాళ్ళ అజాగ్రత్త ఏమైనా ఉందా? 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలమందికి పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం వివరాలు ఎవరైనా చూసేలా ఉండిపోయాయి. ఇల్లు వస్తుందని కాగితాలిచ్చిన వాళ్ళు ఏం జాగ్రత్త పడగలరు? "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని మనకి రోజూ పాఠం చెప్పేవాళ్ళు తమ ఇనప్పెట్టె తలుపు తెరిచి పెట్టుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. వేలు ఎలా మార్చుకుంటాం?

మన చేతిలో ఉన్నది ఒకటుంది. ఆధార్ యాప్‌లోనో, వెబ్‌సైటులోనో వేలిముద్రని లాకు చేసుకోవచ్చు. రేషనుకి వెళ్ళే రోజు తెరుచుకుని, వచ్చాక మళ్ళీ వేసుకోవడమే. మా వీధిలో నలుగురు అత్తయ్యలకి చేసిపెట్టాను. పింఛను రోజు మాత్రం పొద్దున్నే "అమ్మాయీ, నా వేలు తియ్యవే" అని మా గుమ్మం ముందుకి వచ్చేస్తారు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు. కేసు వేసింది కర్ణాటక హైకోర్టు రిటైర్డు న్యాయమూర్తి పుట్టస్వామిగారు. ఆ తీర్పులో నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి. గోప్యత పేరుతో ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే పెత్తనాన్ని, హింసని దాచిపెట్టకూడదని కూడా న్యాయమూర్తులు గుర్తుచేశారు. నాలుగు గోడల మధ్య సంగతి అంటే గోడలు ఎవరివి అన్న ప్రశ్న వస్తుంది కదా!

మన ఇళ్ళల్లో ఇదే అసలు గొడవ. భర్త ఫోనుకి లాకుంటే అది వ్యాపారం. భార్య ఫోనుకి లాకుంటే "ఏం దాస్తున్నావ్?". నేను అడిగేది ఒకటే. కుట్టు మిషను పెట్టుకున్న అమ్మాయి ఫోనులో ఊళ్ళో వందమంది ఆడవాళ్ళ జాకెట్టు కొలతలు, ఫోటోలు ఉంటాయి. అవి ఆవిడవి కావు, నమ్మి ఇచ్చినవాళ్ళవి. వాటిని మరిది, అన్న కొడుకు, పక్కింటి కుర్రాడు ఆటల కోసం తీసుకున్న ఫోనులో చూడొచ్చా? కమీషను కొట్టు షావుకారు ఆవర్జాని బావమరిదికి కూడా చూపించేవాడు కాదు. అతన్ని అనుమానం మనిషి అని ఎవరూ అనలేదు, మంచి వ్యాపారస్తుడు అన్నారు.

రిపేరు కొట్ల సంగతి కూడా చెప్పాలి. ఆ మధ్య అద్దం పగిలిందని ఫోను ఇస్తే, ఒక కొట్టతను ప్యాటర్ను లాకు చీటీ మీద గీసి ఫోనుకి అంటించాడు. అలా అంటించిన ఫోన్లు బల్ల మీద పదిహేను! అద్దం మార్చడానికి లాకెందుకని అడిగితే "టచ్ పనిచేస్తోందో లేదో చూడాలి మేడం" అన్నాడు. నేను వచ్చాక నా ఎదురుగా చూద్దువుగాని అని చెప్పి, సిమ్ము, మెమరీ కార్డు తీసుకుని వచ్చేశాను. సిమ్ము అంటే గుర్తొచ్చింది. ఫోనుకి ఎంత పెద్ద తాళం వేసినా, దొంగ సిమ్ము తీసి వేరే ఫోనులో వేస్తే ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. సిమ్ముకి విడిగా పిన్ను పెట్టుకోవచ్చు, పాత నోకియాల కాలం నుంచీ ఉన్నదే. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది. ఆ నంబరు సిమ్ వచ్చిన అట్టముక్క మీద ఉంటుంది, పారెయ్యకండి.

మన పేరు మీద మనకి తెలియని సిమ్ములు ఎన్ని ఉన్నాయో చూసుకునే సదుపాయం 2021లో మొదట మన తెలుగు రాష్ట్రాల వాళ్ళకే వచ్చింది, విజయవాడ టెలికాం అధికారుల చొరవతో. ఇప్పుడు అది దేశమంతటికీ సంచార్ సాథీలో ఉంది. పోయిన ఫోను పనిచెయ్యకుండా చేయించడం కూడా అక్కడే. దానికి ఐఎంఈఐ నంబరు కావాలి. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ కొడితే తెరమీద కనపడుతుంది. పుస్తకంలో రాసిపెట్టుకోండి, ఫోనులో కాదు! డబ్బు పోతే 1930కి ఎంత త్వరగా చెప్తే అంత మంచిది. బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా పోయిన డబ్బుకి మూడు పనిదినాల్లో బ్యాంకుకి తెలియజేస్తే నష్టం మనది కాదని 2017లోనే రిజర్వుబ్యాంకు చెప్పింది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయింది మన ఖాతాలోదే.

కొత్తగా శుభలేఖలొస్తున్నాయి చూడండి, వాట్సాప్‌లో. 2024 చివరినుంచి పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. పెళ్ళి పిలుపు అని ఏపీకే అనే ఫైలు వస్తుంది, నొక్కితే ఫోను వాళ్ళ చేతిలోకి పోతుంది. అసలు శుభలేఖ అంటే నాలుగు మూలలా పసుపు రాసి, ఇంటికొచ్చి, బొట్టు పెట్టి ఇచ్చేది. బొట్టు పెట్టకుండా వచ్చిన శుభలేఖని నేనైతే తెరవను.

2023 ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు కూడా ప్రకటించారు, దశలవారీగా అమల్లోకి వస్తాయి. సొంతానికి, ఇంటి అవసరానికి దాచుకునే సమాచారానికి అందులో మినహాయింపు ఉంది. పచ్చళ్ళో, చీరలో అమ్ముకుంటూ కొనేవాళ్ళ వివరాలు ఫోనులో పెట్టుకుంటే ఆ మినహాయింపు కిందికి రాదు. మా వదిన ఆవకాయ ఆర్డర్లకి ఇప్పుడు వేరే ఫోను పెట్టింది. అమెరికా పార్సిళ్ళ చిరునామాలు సరుకు చేరిన నెలకి తీసేస్తోంది. ఎవరు ఎంత కారం తింటారో మాత్రం ఇప్పటికీ గోధుమరంగు అట్ట పుస్తకంలోనే రాస్తుంది, బీరువాలో పెట్టి తాళం వేస్తుంది.